మా దగ్గర పనిచేస్తోంది సార్

నెలవారీ జీఎస్టీఆర్-1కు గడువు 11వ తేదీ. కనుక సాఫ్ట్‌వేర్ మొరాయించేది 10వ తేదీ సాయంత్రమే. అకౌంట్స్‌లో కొత్త కంప్యూటర్ పెట్టారు, ఇన్వాయిస్ మెనూ నొక్కారు, తెరమీద చిన్న డబ్బా: రన్‌టైమ్ ఎర్రర్ 429. యాక్టివ్‌ఎక్స్ కాంపొనెంట్ ఆబ్జెక్ట్‌ను సృష్టించలేదట. ఏ కాంపొనెంటో, ఏ ఆబ్జెక్టో చెప్పదు. కింద ఒకే ఒక్క బటన్, ఓకే అని. దేనికి ఓకే?

ఈ జాతిలో 339 కాస్త నయం, పేరైనా చెబుతుంది. ఎంఎస్‌కామ్‌సీటీఎల్.ఓసీఎక్స్, లేదా దానికి కావాల్సిన మరొకటి, సరిగ్గా రిజిస్టర్ కాలేదు; ఫైలు లేదు, లేదా పాడైంది. పెళ్లి వంటవాడు విస్తళ్లు వేశాక వచ్చి, "చింతపండు లేదు, లేదా చింతపండుకు కావాల్సిందేదో లేదు, ఉన్నా బూజు పట్టి ఉండొచ్చు" అంటే అడ్వాన్సు వెనక్కి లాక్కుంటాం. సాఫ్ట్‌వేర్ అంటే మాత్రం ఏటా ఏఎంసీ కడతాం.

కట్టాం కాబట్టి ఫోన్ చేస్తాం. అవతలివారి మొదటి మాట: "మా దగ్గర పనిచేస్తోంది సార్." ఎందుకు పనిచేయదు? ఆ ప్రోగ్రామ్ రాసింది 1998లో వచ్చిన వీబీ6లో. రాసినవారి కంప్యూటర్‌లో వీబీ6 మొత్తం ఉంటుంది. దాంతోపాటే ఈ ఓసీఎక్స్‌లు దిగి రిజిస్ట్రీలో పేర్లు ఎక్కించుకుంటాయి. విండోస్ 11 కూడా వీబీ6 మూల రన్‌టైమ్‌ను వెంట తెస్తుంది గానీ ఎంఎస్‌కామ్‌సీటీఎల్‌ను తేదు. దాన్ని సెటప్‌లో కట్టి ఇవ్వాల్సింది అమ్మినవాళ్లు. ఇవ్వలేదు. వాళ్లు తమ తరఫున నిలబెట్టిన సాక్షి వాళ్లకే ఎదురు తిరిగాడన్నమాట. ఆ సంగతి ఫోన్‌లో చెప్పి చూడండి, "ఒకసారి రీఇన్‌స్టాల్ చేయండి సార్" అంటారు. అదే సెటప్‌తో!

మర్నాడు రిమోట్‌లోకి వచ్చిన కుర్రాడు ఎక్కడి నుంచో ఓసీఎక్స్ తెచ్చి సిస్టమ్32లో పడేస్తాడు. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఉన్నది 64 బిట్ ఫైళ్లకు, సిస్‌వావ్64 ఉన్నది 32 బిట్ ఫైళ్లకు. (ఈ ఏర్పాటు చేసినవారికో దండం.) వీబీ6 ప్రోగ్రామ్ 32 బిట్‌ది. అది వెతికే చోటు వేరు, ఇతను పెట్టిన చోటు వేరు. ఇప్పుడు ఫైలూ ఉంది, ఎర్రరూ ఉంది. ఇక యాంటీవైరస్ ఆపమంటారు, చివరికి విండోస్‌నే ఫార్మాట్ కొట్టమంటారు.

ఇంతకీ తనకేం కావాలో ప్రోగ్రామ్‌కు తెలియదా? తెలుసు. 128 బిట్ల గుర్తింపు సంఖ్యతో విండోస్‌ను అడిగింది. రిజిస్ట్రీలో ఆ నమోదు లేక 80040154 అనే జవాబు తెచ్చుకుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ మానిటర్‌ను పక్కన నడిపితే, ఏ కీ కోసం, ఏ ఫైలు కోసం ఎక్కడెక్కడ వెతికి "నేమ్ నాట్ ఫౌండ్" అనిపించుకుందో వరసగా కనిపిస్తుంది. అడిగిన పేరును డబ్బాలో రాయడానికి నాలుగు లైన్ల కోడ్ చాలు. ప్రోగ్రామర్ రాయలేదు. ఎలా రాస్తాడు? అతని దగ్గర ఆ డబ్బా ఎప్పుడూ వచ్చి ఉండదు కదా.

చివరికి అకౌంట్స్‌లోనే ఎవరో పాత కంప్యూటర్ నుంచి ఫైలు తెచ్చి, సిస్‌వావ్64లో పెట్టి, అక్కడి రెగ్‌ఎస్‌వీఆర్32తో రిజిస్టర్ చేస్తారు. ఇన్వాయిస్ తెరుచుకుంటుంది. అప్పటికి 12వ తేదీ. సపోర్టువాళ్లు టికెట్ మూసేస్తూ కారణం గడిలో రాసుకుంటారు: "కస్టమర్ సిస్టమ్‌లో లోపం. మా వైపు సమస్య లేదు."