ఎనిమిది-నలభై రెండు గారు

మా పిట్టల బృందంలో ఒకాయన ఉన్నారు. ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అసలు పేరు వాట్సాప్ గ్రూపులో కనబడుతుంది గానీ దాన్ని ఎవరూ వాడరు. ఎదురుగా ఉంటే ‘సార్’ అంటాం. లేనప్పుడు ‘ఎనిమిది-నలభై రెండు గారు’ అంటాం. పక్షులు చూడ్డానికి మంచి బైనాక్యులర్ ఒకటి కొనాలని ఆయన నిశ్చయించుకున్నప్పుడు చంకలో ఉన్న మనవడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. బైనాక్యులర్ మాత్రం ఇంకా ఇంటికి రాలేదు.

పిసినారి అనుకునేరు, కాదు. డబ్బు ఏనాడో విడిగా తీసిపెట్టారు. అది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో కూర్చుని పిల్లల్ని కంటోంది. పోనీ సరుకు సంగతి తెలియని మనిషా అంటే, హైదరాబాదులో ఆయనకి తెలిసినంత ఇంకొకరికి తెలుసని నేననుకోను. ఇబ్బందంతా అక్కడే ఉంది.

కొత్తగా చేరినవాళ్లెవరైనా, “సార్, బైనాక్యులర్ కొందామనుకుంటున్నాను. ఏది మంచిది?” అని అడిగారో, ఆ ఉదయం ఇక పిట్టలు వాటి దారిన అవి పోవాల్సిందే. ఆయన ముందుగా కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంటారు. దాంతో పాఠం మొదలైనట్టు.

“చూడమ్మా, డబ్బా మీద రెండంకెలుంటాయి. మొదటిది, వస్తువు ఎన్ని రెట్లు దగ్గరగా కనబడుతుందో చెబుతుంది. రెండోది ముందుభాగంలో ఉండే అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. ఇప్పుడు రెండోదాన్ని మొదటిదానితో భాగించు. నలభై రెండుని ఎనిమిదితో భాగిస్తే?”

పాపం ఆ సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఫోన్ తీస్తుంది.

“5.25! అవతలివైపు నుంచి నీ కంట్లోకి వచ్చే వెలుతురు చుక్క అన్ని మిల్లీమీటర్లుంటుందన్నమాట. జేబులో పట్టే ఎనిమిది-ఇరవై కొన్నావనుకో, రెండున్నరే. మిట్టమధ్యాహ్నం సరిపోతుంది. తెల్లవారుజామున చెట్టు కింద మసక తప్ప ఇంకేం కనబడదు. పిట్టలు లేచేది ఎప్పుడూ? తెల్లవారుజామునే!”

ఆయన ఇంట్లోనే ఈ పాఠం నడుస్తున్నప్పుడు ఒకసారి వంటింట్లోంచి వాళ్లావిడ గొంతు వినిపించింది. “ఎనిమిది నలభై రెండ్లు మూడువందల ముప్ఫై ఆరు. దానికింత పంచాయితీ ఏమిటండీ?”

“గుణించకూడదే! భాగించాలి!” అని కేకేశారు. ఆ ‘భాగించాలి’లో ముప్ఫై ఏళ్ల ఆడిట్ నిష్ఠ పలికింది.

ఆయన చెప్పేదాంట్లో ఒక్క ముక్క తప్పుండదు. పది రెట్లు చూపించేది కొంటే చేతి వణుకు కూడా పది రెట్లవుతుందని, చూపు ఆనే మేర తగ్గిపోయి కొమ్మల మధ్య పిట్టని వెతుక్కోవడమే పెద్ద పనవుతుందని, అందుకే కొత్తవాళ్లకి ఎనిమిదే మేలని చెబుతారు. ఫుట్‌పాత్ మీద ‘వంద రెట్లు’ అని అమ్మే, ఎర్రగా మెరిసే అద్దాల సరుకు జోలికి పోవద్దని చేతులు పట్టుకుని బతిమాలతారు. కళ్లజోడున్నవాళ్లు కన్ను ఎంత దూరాన పెట్టినా పూర్తి దృశ్యం కనబడుతుందో చూసుకోవాలి. ఆ దూరం పదహారు మిల్లీమీటర్లకి తగ్గితే చుట్టూ నల్లటి నీడ తప్ప ఏమీ మిగలదు. వానాకాలం తిరిగేవాళ్లకి లోపల నైట్రోజన్ నింపింది కావాలి, లేకపోతే అద్దం లోపలివైపు మంచు పడుతుంది. ఈ సలహాలతో మా బృందంలో డాక్టరు గారు కొన్నారు, కాలేజీ కుర్రాళ్లు చందాలేసుకుని కొన్నారు, ఆ సాఫ్ట్‌వేర్ అమ్మాయి కూడా కొనేసింది. అందరూ సుఖంగా ఉన్నారు. మా పెళ్లిళ్ల పేరయ్య మాత్రం బ్రహ్మచారిగానే మిగిలిపోయారు.

తన దాకా వచ్చేసరికి ఏ సంబంధమూ కుదరదు. ఒకదానికి అద్దం బంగారం, కానీ బరువు ఎనిమిదొందల గ్రాములు, మెడ ఆగదు. ఒకటి తేలికే గానీ కళ్లజోడుతో పొసగదు. ఒకటి అన్నివిధాలా నచ్చింది, తీరా చూస్తే రెండు మీటర్ల దూరంలో ఉన్న సీతాకోకచిలుక మీద ఫోకస్ కుదరదట. “మనం చూసేది పిట్టల్ని కదా సార్” అన్నాను. “రేపు సీతాకోకచిలుకల మీదికి మనసు పోతే?” అన్నారు. ముందుచూపున్న మనిషి. జాతకాలన్నీ కలిసినవి ఆస్ట్రియా నుంచి, జర్మనీ నుంచి వస్తాయి. అక్కడ కట్నం లక్షల్లో ఉంటుంది. ఒకసారి నిజంగానే తెగించి ‘స్వరోవ్‌స్కీ’ మాట ఇంట్లో ఎత్తారు. “ఆ నెక్లెసు రాళ్లవాళ్లదే కదూ? రాళ్లయితే నేనూ పెట్టుకుంటాను” అని ఆవిడ అనేసరికి ఆ ప్రస్తావన అక్కడితో ఆగిపోయింది. నిజానికి ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు, రెండు వ్యాపారాలూ ఆ కుటుంబానివే.

ఆదివారం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువుకి వెళ్తాం. ఊరు నలువైపులా మేడలై మీదికొస్తున్నా, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన చెరువది. చలికాలంలో వలస బాతులుంటాయి, అదృష్టం బాగుంటే ఫ్లెమింగోలు. సార్ ఉత్త చేతులతో వస్తారు. “ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వమ్మా” అంటూ అందరి మెడల్లోవీ వరసగా అడిగి పుచ్చుకుంటారు. పుచ్చుకున్నవాటిని వెంటనే కళ్లకి పెట్టుకుంటారా? పెట్టుకోరు. చెయ్యి చాపి, ఆకాశం వైపు ఎత్తిపట్టి, దూరం నుంచే కంటి అద్దంలో మెరిసే వెలుతురు చుక్కని చూస్తారు. అది నిండు గుండ్రంగా ఉంటే లోపల మంచి గాజు పట్టకం ఉన్నట్టు, మూలలు తెగి చతురస్రంలా కనబడితే చవక సరుకు. ఈ నిర్ధారణ జరుగుతుండగా ఆ ఆకాశంలోనే ఏదో పెద్ద గద్ద మా తలల మీదుగా వెళ్లిపోతుంది. అది ఏ గద్దో చెప్పడానికి కావలసిన బైనాక్యులర్ ఆయన చేతిలో ఉంటుంది.

చివరికి కళ్లకి పెట్టుకుంటారు. అప్పుడు ఆయన నిజంగా పక్షుల్నే చూస్తారు, కాకపోతే ఒక్కో పక్షిదీ ఒక్కో ఉద్యోగం. తెల్లకొంగ ఉన్నది, ఎండలో దాని అంచున ఊదారంగు చార వస్తోందో లేదో తేల్చడానికి. నీటికాకి ఉన్నది, మెరిసే నీళ్ల ముందు నలుపు నలుపుగానే నిలుస్తోందా, బూడిదరంగుకి తిరుగుతోందా అని చూడ్డానికి. కరెంటు తీగ మీద ఏట్రింత కూర్చుంటే మేం దాని చీలిన తోక చూస్తాం. సార్ తీగ చూస్తారు. చివరల్లో అది వంగినట్టుంటే ఆ మోడల్ పని అయిపోయినట్టే. ఇంటికెళ్లాక మేం చూసిన పక్షుల పేర్లు గ్రూపులో రాస్తాం. ఆయన రాసేది ఇలా ఉంటుంది: “కొంగ, బాగుంది. నీటికాకి, ఫరవాలేదు. కుడివైపు అంచులో కొంచెం మెత్తన.”

చరిత్ర కూడా ఆయనకి ఈ అద్దాల్లోంచే కనబడుతుంది. 1931-32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసిన సంగతి ఒకరోజు మాటల్లో వచ్చింది. అందరం ఆ అడవుల గురించీ ఎడ్లబళ్ల గురించీ అనుకుంటున్నాం. సార్ నిట్టూర్చారు. “లెన్సు మీద ప్రతిబింబాల్ని అణిచే పూత కనిపెట్టిందే 1935లో. అది లేకుండా ఎలా చూశాడో మహానుభావుడు!”

నాకు ఊరుకోబుద్ధి కాక కలివికోడి మాట ఎత్తాను. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పక్షి అది. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పట్టింది ఓ స్థానిక వేటగాడు, రాత్రిపూట, టార్చి వెలుగులో. “దానికి ఏ బైనాక్యులరూ అక్కర్లేకపోయింది కదా సార్?” అన్నాను, మాట నెగ్గిందన్న ధీమాతో.

ఆయన చాలాసేపు ఆలోచించారు. “రాత్రికైతే ఏడు-యాభై ఉండాలి” అన్నారు.

మొన్న దసరా ముందు వాళ్లావిడ ఓ పని చేసింది. కూతురితో బజారుకెళ్లి, షాపులో కళ్లజోడు తియ్యకుండానే ఒకదాంట్లోంచి చూసి, నల్లనీడ పడటం లేదని, చేతికి బరువు లేదని, ధర ఫరవాలేదని ఓ బైనాక్యులర్ కొనుక్కొచ్చేసింది. ఎనిమిది-నలభై రెండే. ఇన్నేళ్లు వంటింట్లోంచి పాఠం విన్న మనిషికి షాపులో ఎంతసేపు పడుతుంది! పెట్టెలోని కాగితాలన్నీ సార్ రాత్రికి రాత్రే చదివేశారు. వంక దొరకలేదు. మనిషి కొంచెం డీలా పడ్డారు.

పండగనాడు జమ్మి పెట్టడానికి వాళ్లింటికి వెళ్లాను. ఊరి చివర కాలనీ, పక్కన ఇంకా ఖాళీ స్థలాలున్నాయి. దంపతులిద్దరూ మేడ మీద ఉన్నారు. దసరానాడు పాలపిట్టని చూస్తే మంచిదంటారు కదా, ఆవిడ బైనాక్యులర్‌తో తీగలన్నీ గాలిస్తోంది.

“అదిగో! ఆ స్తంభం మీద!”

“అంచుల్లో నీలంగా ఏమైనా కనబడుతోందా?” అన్నారు సార్ ఆత్రంగా.

“పాలపిట్ట కదండీ, నీలంగా కాక ఇంకెలా ఉంటుంది?”

కాసేపాగి ఆయన చెయ్యి చాపారు. ఆవిడ ఇచ్చింది గానీ పట్టీ వదల్లేదు. “ఆ కుడికంటి రింగు మాత్రం తిప్పకండి. కుడి కన్ను మూసి, ఎడమ కన్ను మూసి, మీరు అందరికీ చెప్పినట్టే నా కళ్లకి సరిచేసి పెట్టుకున్నాను.”

“తిప్పకపోతే నాకు మసకగా ఉంటుంది కదే!”

“అయితే మీది మీరు కొనుక్కోండి.”

సార్ ముఖంలోకి పండగ వచ్చింది. పాలపిట్ట వైపు చూడకుండానే బైనాక్యులర్ ఆవిడ చేతికిచ్చేసి, నా వైపు తిరిగారు. “ఎలాగూ ఇంట్లో ఎనిమిది ఉంది కాబట్టి, పది-నలభై రెండు సంగతి ఒకసారి మొదట్నుంచీ ఆలోచించాలండీ.”