ముల్లుగర్రకు బిల్లు పడదు

దయ, జాలి, పాపం, పుణ్యం వగైరా పశువుల సంతలో చెల్లవు. అక్కడ చెల్లేది నోటే. కాబట్టి డబ్బు సంగతే మాట్లాడుకుందాం. కబేళాకి తోలే దున్నపోతుని ముల్లుగర్రతో పొడిచేవాడు, తోక మెలిపెట్టేవాడు, లారీ మీంచి కిందికి గెంటేవాడు, వీళ్ళంతా పొడిచేది ఎవరి జేబునో చూడాలి కదా.

దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటాం. ఆ సామెత పుట్టించిన పెద్దమనిషి పైతోలు చూసి ఊరుకున్నాడు. నల్లతోలు మీద దెబ్బ ఆనదు మరి. తోలు ఒలిచాక చూడాలి ఆ వైభవం. తుంటి మీద అరచేయంత మేర ఎర్రగా నెత్తురు చిమ్మి ఉంటే అది ఇవాళ్టి దెబ్బ, బహుశా లారీ దింపేటప్పటిది. నల్లబడితే నిన్నటిది. తుప్పు రంగు తిరిగి సబ్బులా జారుతుంటే మూడు రోజులు దాటింది, సంతలోనో అంతకు ముందో పడింది. దెబ్బ మీద తారీఖు ఉంటుంది, కొట్టినవాడి పేరే ఉండదు. నెత్తురు నిండిన కండ తొందరగా కుళ్ళుతుంది గనక తనిఖీ డాక్టరు ఆ మేరకు కోయించి పారేయిస్తాడు. ఎగుమతికి వెళ్ళే గేదె మాంసం ఎముక తీసినదే ఉండాలి, కండ కండా విప్పక తప్పదు, ఇక దాచేదేముంది! ఖరీదైన కండ ఉండేది నడుం మీదా తుంటి మీదా. దెబ్బలు పడేదీ అక్కడే. మనవాళ్ళ గురి అంత గొప్పది.

చీముగడ్డల కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. పాలు చేపడానికి గేదెకి పూటకో సూది, జ్వరమొస్తే ఇంకో సూది. ఊళ్ళో గొడ్లన్నిటికీ ఆ ఒక్క సూదే. మధ్యలో లుంగీకేసి తుడిస్తే శుభ్రమైపోయినట్టే. మెడ మీద వేయొచ్చు కదయ్యా అంటే, అటువైపు కొమ్ములున్నాయి, పిర్రయితే చేతికందుతుందంటాడు. వట్టిపోయి కబేళా చేరేనాటికి ఆ పిర్ర కండలో నిమ్మకాయంత చీము. కత్తి తగిలి చిట్లిందా, చుట్టుపక్కల కండా పోయె, బల్లా కత్తీ కడిగేదాకా పనీ ఆగె. అమెరికావాళ్ళు 1991లో తమ గొడ్డుమాంసం నాణ్యతకి ఆడిట్ పెట్టుకుంటే ఇవే సూదిపుండ్లు వెనకభాగం మంచి కండల్లో బయటపడ్డాయి. సూదిని మెడకి మార్చమని పశువులు పెంచేవాళ్ళకి నేర్పారు. దానికేమీ కొత్త యంత్రం కొనక్కర్లేదు, నాలుగడుగులు ముందుకు నడిస్తే చాలు.

చట్టం లేదా అంటారా? భేషుగ్గా ఉంది. 1978 నాటి పశు రవాణా నిబంధనల ప్రకారం లారీకి ఆరు పశువులకి మించి ఎక్కించకూడదు. కాళ్ళు జారకుండా కింద కొబ్బరిపీచు పట్టాలో చెక్కలో పరవాలి. బెదరకుండా మొహాలు ఇంజను వైపు ఉంచాలి. వెంట ఓ మనిషి ఉండాలి. రాసినాయన ఎంత సుకుమారుడో! రాత్రిపూట హైవే మీద వెళ్ళే లారీ టార్పాలిన్ ఎత్తితే, ఆరన్నది వరుసకి కాబోలు అనుకున్నారని తెలిసిపోతుంది. పట్టుబడితే 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, సెక్షన్ 11: మొదటిసారి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. డ్రైవరు టీ ఖర్చులోనే సర్దుకుంటుంది.

ఇంతకీ నష్టం ఎవరిది? సంతలో బేరం తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని సాగుతుంది. కాటా లేదు, కంటి అంచనాయే. లోపల ఎక్కడో కమిలి ఉంటుందని కొనేవాడికి తెలుసు, ఏ గొడ్డుకి ఎంతన్నది తెలీదు. అందుకని అన్నిటికీ ఉన్నట్టే లెక్కేసి ఓ వేలు తగ్గించి పట్టుకుంటాడు. జన్మలో గొడ్డు మీద చెయ్యెత్తని రైతు కూడా, రేపు ఎవడో వేయబోయే దెబ్బకి ఇవాళే అడ్వాన్సు కట్టి ఇంటికెళ్తాడు. దళారికి కమీషను తలకింత. డ్రైవరుకి కిరాయి ట్రిప్పుకింత. దింపేవాడికి కూలి లోడుకింత. కిలో పోతే ఏడ్చేవాడు ఈ వరుసలో ఒక్కడూ లేడు.

పశువుల నడవడి చదివిన అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ 1980ల మొదట్లోనే ఈ గుట్టు పట్టుకున్నారు. బతికున్న బరువు మీద అమ్మిన పశువులకి దెబ్బలెక్కువ, కోశాక తూచి డబ్బిచ్చే చోట తక్కువ. అమ్మేవాళ్ళ గుండె రాత్రికి రాత్రి కరిగిందనుకోకండి, దెబ్బ ఖరీదు వాళ్ళ ఖాతాలో పడిందంతే.

ఆ లెక్క మనమూ పెట్టొచ్చు. కిరాయిలో సగం లారీ దిగగానే, మిగతా సగం తోలు ఒలిచాక. దళారి కమీషనుకీ అదే పద్ధతి. "యూనియన్లు ఒప్పుకోవండీ" అంటారు, నిజమే, ఒప్పుకోవు. రైతు దగ్గర వేలు తగ్గించినప్పుడు ఆ చిక్కు రాలేదు, తువ్వాలు కింద అతని చెయ్యొక్కటే ఉంది గనక.