మీ లాన్‌కు మట్టి పరీక్ష కార్డు ఉందా సారూ?

మహారాజశ్రీ సారు గారి సముఖమునకు, ఆళ్లగడ్డ దిక్కు రైతు ఒకడు నమస్కరించి రాసుకునే విన్నపం.

మొన్న నంద్యాలలో తమరి ఆఫీసు ఆవరణలో జరిపిన అవగాహన సదస్సుకు మమ్మల్ని పిలిపించినందుకు ముందుగా కృతజ్ఞతలు. ఉగ్గాని, బజ్జి బాగున్నాయి. ‘నేలను బతికిద్దాం, నీటిని కాపాడుకుందాం’ అన్న ఫ్లెక్సీ ఇంకా బాగుంది. తమరి ఫొటో కింద వానపాము ఫొటో కూడా వేయించారు. ఏప్రిల్ ఎండ నంద్యాలలో ఎట్లుంటుందో తెలిసినవారు కాబట్టి కూలర్లు పెట్టించారు. ఆ గాలి వేదిక దిగి మాదాకా రాకపోయినా, తమరికి చల్లగా ఉన్నందుకు సంతోషించాం.

తమరు మాట్లాడుతూ మా రైతులకు యూరియా పిచ్చి పట్టిందన్నారు. పైరు నల్లగా కనబడితే చాలు, గాదె నిండినట్టే అనుకుంటామన్నారు. నేలకు ఎంత కావాలో తెలుసుకుని వేయాలి గానీ చేతికొచ్చినంత చల్లకూడదన్నారు. సరిగ్గా ఆ మాట దగ్గర మా వరసలో నవ్వులు వినబడితే కళ్లెర్రజేశారు. క్షమించాలి, మేం నవ్వింది తమరి మాటకు కాదు. షామియానా వెనక తమరి లాన్‌లో ఒకతను బకెట్ చంకన పెట్టుకుని యూరియా చల్లుతున్నాడు. మిట్టమధ్యాహ్నం. పక్కనే స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. దోసిలి మీద దోసిలి.

చల్లేవాడి చేతి ఊపు చూసి ఎకరాకు ఎన్ని మూటలు పడుతున్నాయో చెప్పగలిగినవాళ్లం మేం. ఆ గడ్డికి పడినంత మా వరికి ఎప్పుడూ పడలేదు. పాపం, అతన్ని అనవలసింది ఏమీ లేదు. టీ తాగేటప్పుడు అడిగితే, ‘పెద్ద సారోళ్లు వస్తారు, పచ్చగా ఉండాలన్నారు’ అన్నాడు.

ఇక తమరు గిమరు నావల్ల కాదు సారూ, మీరనే రాస్తాను.

మీ తెర మీది బొమ్మలే కదా చెప్పాయి! తడి నేల మీద, ఎండపూట, పైపైన చల్లిన యూరియా అమ్మోనియా అయి గాలిలో పోతుందని. మా నల్లరేగడిలో సున్నం ఎక్కువ, క్షారం ఎక్కువ, ఇంకా తొందరగా పోతుందని. వరికి వేసిన నత్రజనిలో మూడోవంతు పైరుకు అందితే గొప్పేనని. మిగిలింది నైట్రేటుగా మారితే దాన్ని మట్టి పట్టుకోదు, నీళ్లెటు పోతే అటే పోతుందని. తాగే నీళ్లలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని, దాటితే పాలు కలిపి పట్టే పసిబిడ్డలకు ఒళ్లు నీలంగా మారే జబ్బు వస్తుందని. మా పక్కన కూర్చున్న పెద్దాయన అదంతా చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. మరి మీ ప్రహరీ గోడలోపల ఆ రసాయన శాస్త్రానికి సెలవా?

మీ లాన్ అంచున ఒక గొట్టం ఉంది. స్ప్రింక్లర్ల నీళ్లు ఎక్కువైతే అందులోంచి రోడ్డు పక్క కాలువలోకి, అందులోంచి చామకాలువలోకి, అక్కడి నుంచి కుందూ నదిలోకి. ఊరి మురుగుతో పాటు మీ గడ్డి తాగి మిగిల్చింది కూడా గోస్పాడు, కోవెలకుంట్ల దిక్కు సాగిపోతుంది. చాగలమర్రి మండలంలో రాజోలి ఆనకట్ట దగ్గర అదే నీళ్లు మళ్లీ కేసీ కాలువ నీళ్లవుతాయి. అవే మడికి, అవే బర్రెలకు. ఆపైన కడప జిల్లా వాళ్ల వంతు, కమలాపురం దగ్గర పెన్న వంతు. మా ఆళ్లగడ్డ వక్కిలేరు కూడా పోయి కలిసేది ఆ కుందూలోనే, మా చేలల్లోంచి జారేది అందులోనే కలుస్తుంది. కాదనడం లేదు. అయితే కుందూకు మా మూట ఏది, మీ మూట ఏది అన్న తేడా తెలియదు.

ఇంకొకటి. పైరు కొయ్యలు, పత్తి కట్టె తగలబెట్టడం నేరమన్నారు. నేల ఒళ్లు కాలుతుందన్నారు. మేం తిరిగి బస్సుకు పోతుంటే మీ గోడ మూల లాన్ కత్తిరించిన గడ్డి కుప్పగా పోసి ఉంది. కాలుతోంది. కోసిన గడ్డిని అక్కడే వదిలేస్తే దాని నత్రజని దానికే తిరిగి వస్తుంది, కొంత యూరియా మిగులుతుంది. ఇది చెప్పడానికి నేనెవరిని? 1906 నుంచి నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. నరసింహ పత్తి అక్కడిదే. కబురు పెడితే సైకిలు మీద వచ్చి చెప్పిపోతారు.

మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చిందని కూడా మీరే చెప్పారు. పోర్చుగల్ సంస్థ ఇచ్చింది, పది లక్షల యూరోలు, మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్‌తో, ఈజిప్టు వాళ్లతో కలిపి. చప్పట్లు గట్టిగానే కొట్టాం. ఆ సేద్యంలో వాడే ఘనజీవామృతం నాలుగు గంపలు మీ లాన్ మీద చల్లించరేం? వాసన వస్తుందా?

అసలు నంద్యాలలో లాన్ ఎందుకు సారూ? బంగారం లాంటి రేగడి తవ్వి పారబోసి, ఎర్రమట్టి తెప్పించి పరిచి, దాని మీద కార్పెట్ గడ్డి అతికించి, వేసవిలో బోరు నీళ్లు పోసి, ఆ గడ్డి మీద కాలు పెట్టరాదని బోర్డు కూడా పెట్టారు. పోనీ, అది మీ ముచ్చట. ఒక్కటే అడుగుతాను. దానికి మట్టి పరీక్ష కార్డు ఉందా?

నాకుంది. 2015 ఫిబ్రవరిలో రాజస్థాన్ సూరత్‌గఢ్‌లో మొదలుపెట్టిన పథకం కదా, మా ఊరికీ వచ్చింది. పన్నెండు పరీక్షలు, పన్నెండు గడులు. మొదటి విడతల్లో నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, మెట్టలో పది హెక్టార్లకు ఒకటి. అంటే పాతిక ఎకరాల చేలకు ఒకే దోసెడు మట్టి. నా చేను ఎగువ చెక్కలో నీళ్లు నిలవవు, దిగువ చెక్కలో చవుడు పైకి తేలుతుంది. కార్డులో రెండూ కవల పిల్లలే.

ఆ దోసెడు కూడా ఎక్కడ తీశారో చెబుతాను, వినండి. గట్ల దగ్గర, చెట్ల నీడన, పెంటదిబ్బల పక్కన మట్టి తీయకూడదని మీ కరపత్రంలోనే ఉంది. వచ్చిన పిల్లోడు బండి ఆపిన చోట ఒక యాపచెట్టుంది. మధ్యాహ్నం గొర్రెలు పడుకునేది దాని కిందే. ఎండ ఎక్కువగా ఉంది, తప్పు పట్టను. అక్కడే పార వేశాడు. ఫలితంగా మా చేలో సేంద్రియ కర్బనం ముప్పావు శాతం దాటిందట, అంటే ‘ఎక్కువ’! ఊరంతా వచ్చి నన్ను అభినందించిపోయారు. గొర్రెల్ని ఎవరూ అభినందించలేదు.

ఇంతకీ యూరియా పిచ్చి గురించి. 45 కిలోల యూరియా మూట 266 రూపాయల 50 పైసలు. 50 కిలోల డీఏపీ 1350. ఈ ధరలు నిర్ణయించింది మేం కాదు. ఏది ఎక్కువ చల్లుతారో తెలుసుకోవడానికి సదస్సు అక్కర్లేదు, ధరల బోర్డు చాలు. దీనికి తోడు పోయిన ఖరీఫ్‌లో యూరియా కోసం చెప్పులు, పాసుపుస్తకాలు లైన్లో పెట్టి నిలబడ్డాం. ఒక అంగడిలో నానో యూరియా సీసా కొంటేనే మూట ఇస్తామన్నారు. ఇంకొకచోట జింకు. అవసరమైన చేనుకు ఎకరాకు ఇరవై కిలోల జింకు సల్ఫేటు వేయమని మీరే చెబుతారు కదా అంటే, ‘ఇది ఆ జింకు కాదు’ అన్నాడు అంగడాయన. నిజాయితీపరుడు. అట్లా దొరికిన మూటను ఎవరైనా విడతలు విడతలుగా, ఆకు రంగు చూసి, సాయంత్రం పూట పొదుపుగా చల్లుతారా? మళ్లీ దొరుకుతుందో లేదో అని ఉన్నదంతా ఒక్కసారే గుమ్మరిస్తారు. భయంతో చల్లే యూరియా అది. దానికి పిచ్చి అని పేరు పెట్టారు.

పెంట తోలండి అన్నారు. పెంట ఎక్కడిది? ఎద్దులు పోయాయి, ట్రాక్టరు పేడ వేయదు. గొర్రెల మంద కట్టించుకుందామంటే కాపరి రాత్రి లెక్కన అడిగే డబ్బు వింటే నిద్ర పట్టదు. చెరువు మట్టికి రాజకీయ నాయకుల టిప్పర్లు మాకంటే ముందు చేరుకుంటాయి.

ఇవన్నీ ఎట్లో కూడబెట్టుకుని తోలినా, ఎవరి చేనికి? ఆ రోజు మీ ముందు కూర్చున్నవాళ్లలో సగానికి సగం కౌలుదార్లు. 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కౌలు కార్డు గడువు 11 నెలలు. అదీ చేను ఆసామి సంతకం పెడితే. నేలలో కర్బనం పెరగడానికి ఏళ్లు పడుతుందని మీ తెర మీదే చూశాను. మంద కట్టించి, జనుము దున్ని, గట్లు సరిచేసిన మడిని మరుసటి ఏడు ఇంకొకరు ఎకరాకు రెండు మూటల కౌలు ఎక్కువ పాడుకుంటే? పెంట తోలినవాడొకడు, పంట తిన్నవాడొకడు అవుతాడు. ఈ ముక్క మీ ఉపన్యాసంలో ఒక్కసారైనా వస్తుందేమోనని చివరిదాకా కూర్చున్నాం. మొక్కలిచ్చి, ఫొటోలు తీసి పంపించేశారు. నాకొచ్చింది కోనోకార్పస్. దాన్ని నాటొద్దని పోయినసారి చెప్పింది కూడా మీరే.

సరే సారూ. కోపం దిగింది. అడగవలసింది అడుగుతాను.

కేసీ కాలువకు 39.9 టీఎంసీలు, 2 లక్షల 65 వేల ఎకరాలు అన్నది కాగితం లెక్క. మా మడికి నీళ్లు జులై సగం దాటాకే, ఒక్కోసారి ఆగస్టులో. జూన్ మొదటి వానకు జీలుగ చల్లితే నలభై ఐదు రోజులకు పూతకొస్తుంది. సరిగ్గా కాలువ నీళ్లు వచ్చే వేళ. అప్పుడు కలియదున్నితే వారం పది రోజుల్లో కుళ్లుతుంది, నాట్లు వేసుకోవచ్చు. చేతిలో ఎద్దు లేనివాడికి, కౌలుదారుకు, ఒక్క పంటలోనే ఫలం కనబడే ఎరువు అదొక్కటే. వేసే యూరియా కూడా కాస్త తగ్గించుకోవచ్చు, కుందూకూ ఆ మేరకు తగ్గుతుంది. కానీ మీ సబ్సిడీ జీలుగ మాకు చేరేది నారుమళ్లు పోసుకున్నాక. నాట్లకు దుక్కి సిద్ధమయ్యాక ఆ మూటను ఏం చేసుకోవాలి? ఇంటి దూలానికి కట్టి మరుసటి ఏటికి దాచినవాళ్లున్నారు. పురుగు పట్టింది.

ఈసారి మే నెలాఖరుకు పంపించండి. ఎకరాకు పది పన్నెండు కిలోలు చాలు. జీలుగ లేకపోతే జనుము, అదీ లేకపోతే పిల్లిపెసర, ఏదైనా సరే. తూకం కాస్త అటూ ఇటూ అయినా అడగం. వేలిముద్ర మిషను పనిచేయకపోతే మమ్మల్ని వెనక్కి పంపొద్దు, సంతకం తీసుకోండి. పాసుపుస్తకం జిరాక్సు మాత్రం అడగొద్దు సారూ. మీకు దండం పెడతాను.

ఇట్లు,
ఆళ్లగడ్డ దిక్కు రైతు
(పాసుపుస్తకం నెంబరు: లేదు)