ఏకపటీయము (టీకా తాత్పర్య సహితము)

అవతారిక

కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానాలు రాశాడు గాని, ఐటీ డిపార్టుమెంటు సర్క్యులర్ల జోలికి పోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

ఒకానొక సంస్థకు కొత్త ఎండీ వచ్చారు. రాగానే లోగో మారింది. లోగోతో రంగు మారింది. ఆ వెనకే, ప్రతి కంప్యూటరు మీదా ఒకే వాల్‌పేపరు ఉండాలన్న ఉత్తర్వు బయల్దేరింది. దాన్ని అమలు చేయవలసిన సిస్టమ్ అడ్మిన్ సర్వర్ రూములో ఏసీకి వణుకుతూ చెప్పిన ఆటవెలది ఇది. కవి పేరు తెలియదు. మెయిల్ అడుగున 'ఐటీ సపోర్ట్' అని మాత్రం ఉంది.

వేల తెరల కొక్క వేలుపు పటమయ్యె
మార్చరాదు దాని మానవుండు
మార్చెనేని మరల మరునాడు మొలుచును
పాలసీయె గట్టి, పటము కాదు

టీక

వేల తెరలకున్ = సంస్థయందలి సమస్త మానిటర్లకును; ఒక్క = ఏకైకమైన; వేలుపు పటము = కొలువదగిన బొమ్మ, అనగా కార్పొరేట్ వాల్‌పేపరు; అయ్యె = ఖరారయ్యెను; దానిన్ = ఆ బొమ్మను; మానవుండు = లాగిన్ అయిన ఏ ప్రాణియైనను; మార్చరాదు = రైట్ క్లిక్ చేసియు మార్చజాలడు; మార్చెనేని = దొంగదారిన మార్చినను; మరునాడు = మరుసటి లాగిన్‌నాటికి; మరలన్ = తిరిగి; మొలుచును = ప్రత్యక్షమగును; (ఏలయన) గట్టి = బలముగలది; పాలసీయె = గ్రూప్ పాలసీ, అనగా సర్వర్‌నుండి అందరికిని వర్తించు కట్టడి మాత్రమే; పటము కాదు = జేపెగ్ ఫైలు కాదు.

తాత్పర్యము

మీ పాప ఫొటో తీసేశారు. ఫిర్యాదు చేసి ప్రయోజనం లేదు.

విశేషములు

'వేలుపు పటము': పూర్వం ఈ పీఠం మీద ఉన్నది 'బ్లిస్' అనే పచ్చగుట్ట. 1996లో కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో చార్ల్స్ ఓరియర్ తీసిన ఫొటో. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు వచ్చి మన నెట్ సెంటర్లన్నిటా వెలిసింది. అక్కడి ద్రాక్షతోటకు పురుగు పట్టి తీగలు పీకేస్తే, ఆ జాగాలో గడ్డి మొలిచి గుట్ట అంత పచ్చగా ఉంది. ఆ బొమ్మకున్న గొప్ప సుగుణం అందులో ఒక్క అక్షరమైనా లేకపోవడం.

ప్రస్తుత పటంలో ఈ కొస నుంచి ఆ కొసకు 'నిబద్ధత, నాణ్యత, నవ్యత' అని ఉంది. ఇది అనుప్రాస, ఏజెన్సీకి డబ్బులిచ్చింది దీనికే. కుడివైపు ఎండీగారి చిరునవ్వు, కింద మూలన లోగో. ఎడమవైపు ఐకాన్లు కప్పేశాయి, లోగో టాస్క్‌బార్ కిందికి పోయింది. గీసేవాడికి ఖాళీ తెర కనబడుతుంది. చూసేవాడి తెర మీద 'న్యూ ఫోల్డర్', 'న్యూ ఫోల్డర్ 2', 'ఫైనల్', 'ఫైనల్ ఫైనల్' ఉంటాయి.

'తెరలకు': బహువచనం గమనించాలి. బొమ్మ 1920 × 1080 కొలతకు గీశారు; అకౌంట్స్ సెక్షన్‌లో 1280 × 1024 మానిటర్లు ఇంకా బతికే ఉన్నాయి. ఇందుకు శాస్త్రం ఆరు మార్గాలు చెప్పింది: సెంటర్, టైల్, స్ట్రెచ్, ఫిట్, ఫిల్, స్పాన్. స్ట్రెచ్ పెడితే పాత మానిటర్ల మీద ఎండీగారు చిక్కిపోతారు. ఫిల్ పెడితే పక్కలు తెగి 'ని' ఎగిరిపోతుంది, 'బద్ధత' మిగులుతుంది. ఉద్యోగులు ఈ పాఠమే సరైనదన్నారు. టైల్ గురించి రాయను.

'పాలసీయె': దీని స్థానం యూజర్ కాన్ఫిగరేషన్, అందులో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, అందులో డెస్క్‌టాప్, అందులో మళ్ళీ డెస్క్‌టాప్, అందులో డెస్క్‌టాప్ వాల్‌పేపర్. పునరుక్తి దోషం కాదా అంటే, మైక్రోసాఫ్ట్‌వారి ప్రయోగం కనుక ఆర్షమని సరిపెట్టుకోవాలి. యూజర్ కాన్ఫిగరేషన్‌లో ఉండడం వల్ల ఈ నియమం యంత్రాన్ని గాక మనిషిని పట్టుకుంటుంది. పక్క సీటుకు పోయి లాగిన్ అయినా చిరునవ్వు వెంట వస్తుంది.

'మరునాడు': ఇక్కడ వ్యాఖ్యాతల్లో భేదం ఉంది. పాలసీ 90 నిమిషాలకోసారి తనంత తానే తాజా అవుతుంది కనుక 'మరునాడు' అతిశయోక్తి అని ఒకరు. (అన్ని యంత్రాలూ ఒక్కసారే సర్వరు మీద పడకుండా ఆ గడువుకు మరో 30 నిమిషాల దాకా యాదృచ్ఛికంగా కలుపుతారు.) పాలసీ వచ్చి కూర్చున్నా బొమ్మ మారడానికి చాలాసార్లు లాగాఫ్ అయి లాగిన్ కావాలి కనుక 'మరునాడే' సబబని మరొకరు. నా ఓటు రెండో వారికి. పాలసీని అప్పటికప్పుడు రప్పించే 'జీపీ అప్‌డేట్ ఫోర్స్' కమాండు కొట్టి ఏమీ మారలేదని ఫోన్ చేసినవారు ఎందరో.

'మానవుండు': ఇచట 'మార్చరాదు దాని మేనేజరుండు' అని పాఠాంతరం. అగ్రాహ్యం. గణభంగం, యతిభంగం అటుంచితే, అసత్యం కూడాను. జనరల్ మేనేజర్లను విడిగా ఒక గ్రూపులో వేసి పాలసీ తగలకుండా చేసినట్టు అదే అడ్మిన్ ఫైల్లో రాసుకున్నాడు. వారి తెరల మీద మనవలున్నారు.

'పటము కాదు': పటం సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు వీపీఎన్ లేకుండా ల్యాప్‌టాప్ తెరిచారు. పాలసీ ఉంది, ఫైలు దొరకలేదు, తెర నల్లబడింది. దీన్ని నిరాకార బ్రహ్మోపాసనగా సమర్థించిన పండితులున్నారు గాని హెల్ప్‌డెస్క్ ఒప్పుకోలేదు. ముందు బొమ్మను ప్రతి యంత్రంలోని సీ డ్రైవ్‌లోకి కాపీ చేసి, పాలసీకి ఆ దారి చూపాలి. ఈ ముక్క కవికి వారం ముందు తెలిసుంటే పద్యం పుట్టేది కాదు.

శంక: తెర నిండా ఎక్సెల్, అవుట్‌లుక్ తెరిచి ఉంటాయి కదా. ఎవరికీ కనబడని బొమ్మకు ఇంత హడావుడి దేనికి?

సమాధానం: ఎండీగారి సంగతి నాకు తెలియదు. అడ్మిన్‌కు మాత్రం అది మెతుకు పట్టి చూడడం. వాల్‌పేపరు చేరని యంత్రానికి స్క్రీన్‌లాక్ నియమం చేరిందా, అది అసలు డొమైన్‌లో, అంటే సంస్థ అజమాయిషీలో, ఉందా అన్నవన్నీ అనుమానాలే. ఆ ఒక్క బొమ్మ వల్ల, స్టోర్స్‌లో ఎవరో హోమ్ ఎడిషన్ విండోస్ వేసి నడుపుతున్న కంప్యూటరు బయటపడింది. హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు కనుక దాని మీద పాప ఫొటో చెక్కుచెదరలేదు. ఎండీకి కావలసింది పటం, అడ్మిన్‌కు కావలసింది ఆ పాప. నాలుగో పాదంలోని గర్వం అందుచేత క్షమించదగింది.

ఉగాదికి పచ్చడి గిన్నెతో శుభాకాంక్షల బొమ్మ పెట్టారు. పండగ వెళ్ళాక పాత ఫైలు పేరుతోనే మామూలు బొమ్మను దించారు. సగం యంత్రాలు పేరు చూసి, మారలేదనుకుని, దాచుకున్న కాపీనే చూపిస్తున్నాయి. ఆషాఢం వచ్చినా మూడో అంతస్తులో వేపపువ్వు రాలలేదు. ఇకమీదట ఫైలు పేరు మార్చి పంపవలసిందిగా మార్కెటింగ్ వారికి మనవి.