ఆటో అన్న ఇచ్చిన సీటు

రాజమండ్రి నుంచి మియాపూర్‌కి కాపురం మార్చడంలో పెద్ద కష్టమేమీ లేదు. మంచాలు విప్పి, ఇక్కడ బిగిస్తే అయిపోయింది. రెండో తరగతి పిల్లని బళ్లో వేయడం మాత్రం పెళ్లి సంబంధం చూడ్డం లాంటిది. చుట్టాలంతా తలో మాటా వేస్తారు, పూచీ మాత్రం ఒక్కరూ పడరు.

ముందు బాత్రూములు చూడాలంది మా ఆవిడ. గ్రౌండ్ ఉండాలన్నారు నాన్నగారు. మా అత్తగారి బెంగంతా తెలుగు గురించే. తెలంగాణలో ఏ బోర్డు బడైనా తెలుగు నేర్పాల్సిందేనని 2018లోనే చట్టం చేశారని చెప్పాక కాస్త కుదుటపడ్డారు. పక్క ఫ్లాటాయన మాత్రం "ఐఐటీ ఫౌండేషన్ ఉందా?" అని అడిగాడు. పిల్లకింకా ఏడేళ్లేనండీ అన్నాను. "అయ్యో, లేటైందే!" అని నిజంగానే బాధపడ్డాడు.

ఒక బళ్లో గ్రౌండ్ చూపించమంటే లిఫ్టెక్కించారు. ఐదో అంతస్తు పైన, డాబా మీద, పచ్చ తివాచీ పరిచి చుట్టూ వల కట్టారు. ఓ మూల నీళ్ల ట్యాంకు. "మల్టీ స్పోర్ట్స్ అరీనా సర్" అంది కౌన్సెలర్ మేడమ్. ఆ వేళకి కాకులు ప్రాక్టీసులో ఉన్నాయి.

చేర్చుకునేటప్పుడు పిల్లలకి గానీ, తల్లిదండ్రులకి గానీ వడపోత పరీక్షలు పెట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం. పెడితే మొదటిసారికే 25,000 రూపాయల దాకా జరిమానా. అందుకని "టెస్టేం లేదు, ఊరికే మాట్లాడతాం" అంది మేడమ్. ఊరికే మాట్లాడుతూ పిల్లని పదమూడో ఎక్కం, మా ఆవిడని డిగ్రీ, నన్ను జీతం అడిగింది. ముగ్గురిలో పిల్ల ఒక్కతే తడుముకోకుండా చెప్పింది.

చివరికి ఓ బడి అందరికీ నచ్చింది. శుభ్రమైన బాత్రూములు, నేలమీదే గ్రౌండ్, టీచరుకి ముప్పై మంది లోపే పిల్లలు. కాకపోతే మధ్యలో ముంబయి హైవే దాటాలి. ఆటో మాట్లాడదామని వెళ్లాం.

"ఆ బడి నా లైన్ల లేదు సార్" అన్నాడు ఆటో అన్న. తర్వాత కాలు మీద కాలేసుకుని అసలు ఇంటర్వ్యూ మొదలెట్టాడు.

"పాప జల్ది లేస్తదా? తొవ్వల ఏడుస్తదా? బ్యాగు ఎంత బరువుంటది?"

అన్నిటికీ వినయంగా జవాబులు చెప్పుకున్నాం.

"నా లైన్ల ఇంకో బడున్నది, అండ్ల ఎయ్యిండ్రి. ఎనక సీటొక్కటే మిగిలింది. రేపటికల్ల ఉండదు."

అడ్వాన్సు అక్కడికక్కడే చేతిలో పెట్టి, ఆ బడి ఎక్కడుందో ఆయన్నే అడిగి తెలుసుకుని వెళ్లాం.

"ఇన్ని స్కూళ్లుండగా మాదే ఎందుకు ఎంచుకున్నారు?" అని ముచ్చటపడ్డారు ప్రిన్సిపాల్ గారు.

"మీ బోధనా విధానం నచ్చిందండీ" అంది మా ఆవిడ.