ప్రశ్నలకు ఒక గంట

పూర్వ విద్యార్థిని పిలిచి మాట్లాడించడమంటే మా రోజుల్లో ఆయన్ని మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టడమే. చదువుకున్న చోటికే వచ్చాడు గదా, మొహమాటం దేనికని అందరం అడిగేవాళ్లం. ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయంలో చూసినా అదే మనిషికి శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి, ఫొటో దిగి, కారెక్కించి పంపిస్తున్నారు. ఆయన పిల్లలకు చెప్పేది పట్టుమని పదిహేను నిమిషాలు ఉండదు. పిల్లలు ఆయన్ని అడిగేది అసలే ఉండదు. నాకు దీనిమీద కోపం ఉంది. దాచుకోను.

నేను విశాఖలోని వాల్తేరులో చదివినవాణ్ణి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అని పూర్తి పేరు పలికే తరం మాది. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరిన విశ్వవిద్యాలయం అది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జిలో చదువుతుండగానే అక్కడి యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన వక్త. ఎదుటివాడి వాదాన్ని పదిమందిలో నిలదీసి తేల్చుకోవడం అలవాటైన మనిషి. 1930లో బ్రిటిషు దమనకాండకు నిరసనగా పదవి వదిలేసి వెళ్లి, 1936లో తిరిగొచ్చాడు. మధ్యకాలంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఉన్నారు. ఆయన హయాంలోనే 1933 డిసెంబరులో రవీంద్రనాథ్ టాగూరు వచ్చి 'మానవుడు' అనే విషయం మీద వరుసగా ఉపన్యాసాలిచ్చాడు. అవి తర్వాత పుస్తకంగా కూడా వచ్చాయి. నోబెల్ బహుమతి అందుకుని అప్పటికి ఇరవై ఏళ్లు. ఆ మనిషి సైతం తన గెలుపు కథ చెప్పడానికి రాలేదు, ఒక విషయం పట్టుకుని వచ్చాడు. వేదిక ఎక్కేవాళ్లకు కొలత అక్కడే ఏర్పడింది.

మా కాలానికి విస్తరణోపన్యాసం అంటే డిపార్టుమెంటు బోర్డు మీద ఒక చిన్న కాగితం. పేరు, విషయం, వేళ, అంతే. ఒక ప్రొఫెసర్ గారు అధ్యక్షత వహించేవారు. వచ్చినాయన గంటసేపు మాట్లాడేవాడు, ఆపైన ప్రశ్నలు. ఊళ్లోంచి ప్లీడర్లు, బడిపంతుళ్లు, పోర్టు గుమాస్తాలు ఆఫీసు వదలగానే నేరుగా వచ్చి వెనక బెంచీల మీద కూర్చునేవారు. గేటు దగ్గర నువ్వెవరని అడిగినవాడు లేడు.

విశాఖ ఉక్కు కర్మాగారం కోసం 1966లో రాష్ట్రం అట్టుడికిపోయింది. 1971 జనవరిలో ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేసింది. ఆ తరవాతి రోజుల్లో, మాకు చాలా ఏళ్ల ముందు అక్కడే చదివి ఢిల్లీలో పెద్ద హోదాలో ఉన్న ఒకాయన పరిశ్రమల గురించి మాట్లాడటానికి వచ్చాడు. మంచి ఇంగ్లీషు, చేతిలో లెక్కలు. బాగానే మాట్లాడాడు. ప్రశ్నల వేళ వెనకనుంచి ఒక పెద్దాయన లేచాడు. గాజువాక వైపు రైతు, హాస్టల్లో ఉన్న కొడుకు వెంటబెట్టుకొచ్చాడు. "బాబూ, ఆ ఉక్కేటో ఎంత తయారవుద్దో సెప్పినారు. మా బూవులు పోనాక మేం యేటి తినాలో సెప్పనేదు" అన్నాడు. హాలంతా నిశ్శబ్దం. అధ్యక్షులవారు ఆయన్ని కూర్చోమనలేదు. వక్త కాగితాలు పక్కన పెట్టి తెలుగులోకి దిగాడు. పరిహారం ఎలా లెక్కగడతారో, ఆ లెక్కలో కౌలుకు చేసుకునేవాడు ఎక్కడ తప్పిపోతాడో తనకు తెలిసినంత చెప్పాడు. తెలియనిది తెలియదన్నాడు. సభ అయిపోయాక కూడా మెట్ల మీద నిలబడి ఆ తండ్రీకొడుకులతో చాలాసేపు మాట్లాడాడు. మర్నాడు మా అర్థశాస్త్రం మాస్టారు పాఠం మానేసి పీరియడంతా ఆ ప్రశ్న మీదే నడిపించారు.

సన్మానం జరిగేచోట ప్రశ్న అడగడం అమర్యాద అని ఇప్పుడు కొందరు అంటున్నారు. విశాఖలో ఆ మాట చెల్లదు. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరిగింది అక్కడే. రచయితలంతా చేరిన ఆ ఉత్సవంలోనే 'రచయితలారా, మీరెటు వైపు?' అంటూ విశాఖ విద్యార్థులు కరపత్రం పంచారు. పండగ పూట ఇదేమిటని నొచ్చుకున్నవాళ్లు లేకపోలేదు. కానీ ఆ ఒక్క ప్రశ్న తెలుగు సాహిత్యాన్ని కుదిపేసింది. అదే ఏడాది జూలైలో విప్లవ రచయితల సంఘం పుట్టింది. ఆ సంఘం దారి నచ్చినవాళ్లున్నారు, నచ్చనివాళ్లున్నారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అడిగినదానికి పేరుమోసిన కవులు బదులు చెప్పుకోవలసి వచ్చిందన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

ఇక ఇప్పటి సంగతి. ఈమధ్య ఒక విశ్వవిద్యాలయంలో పూర్వ విద్యార్థుల ప్రసంగ కార్యక్రమానికి వెళ్లాను. పేరు చెప్పను, అన్నిచోట్లా ఇదే తంతు. ఎల్‌ఈడీ తెర, యాంకరమ్మ, జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద ఉన్న ప్రతివారికీ పుష్పగుచ్ఛం, ప్రతివారి గురించీ పరిచయ వాక్యాలు. ముఖ్య అతిథి అమెరికాలో పెద్ద కంపెనీ అధికారి, సెలవులకు వచ్చాడు. కష్టపడండి, కలలు కనండి అన్నాడు. ప్రశ్నలు ఫోన్లో పంపమన్నారు. వచ్చినవాటిలోంచి ముందే ఏరిపెట్టుకున్న రెండు చదివారు, ఒకటి ఆయనకిష్టమైన భోజనం గురించి. మూడో వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తే ఉంచింది. సమయం లేదన్నారు. శాలువాలకు సమయం ఉంది!

బయట ఆ అమ్మాయిని ఏం అడగాలనుకున్నావమ్మా అన్నాను. "మా యూనివర్సిటీ డిగ్రీతో దరఖాస్తు పెడితే మీ కంపెనీవాళ్లు అసలు తెరిచి చూస్తారా అని అడుగుదామనుకున్నా తాతగారూ" అంది. దానికి బదులివ్వగల మనిషి ఆ ఊరు మొత్తంలో ఆ పూట ఆయనొక్కడే. ఆయనకు ఆ ప్రశ్న చేరనేలేదు.

మా సభల కన్నా ఇప్పటి సభలు మేలైన సంగతి ఒకటుంది, చెప్పాలి. మా హాల్లో ఆడపిల్లలు ముందు వరసలో గుప్పెడుమంది ఉండేవారు, నోరు విప్పేవారు అరుదు. ఇప్పుడు హాలు నిండా వాళ్లే. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు ఎందరో. అంత దూరం వచ్చిన పిల్లలకు మైకు అందనివ్వకపోవడం నన్ను మరింత బాధిస్తోంది.

ఇదంతా ఎందుకిలా అయిందని విచారిస్తే, విశ్వవిద్యాలయాలను మదింపు చేసే న్యాక్ సంస్థకు పెట్టే దరఖాస్తు ఒక కారణం. అందులో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యానికి విడిగా ఒక గడి ఉంది. వాళ్లు ఎన్ని లక్షలు ఇచ్చారని లెక్క అడుగుతుంది. విశ్వవిద్యాలయాలకు డబ్బు అవసరమే. అధ్యాపకుల ఖాళీలు ఎన్నేళ్లుగా నిండకుండా ఉన్నాయో, ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం పిల్లలు ఎలా ఎదురుచూస్తారో నాకు తెలుసు. అయితే దాత అనుకున్న మనిషిని ఎవరు ప్రశ్నిస్తారు? ఆయన నొచ్చుకుంటే చెక్కు రాదని భయం. నేను చూసినంతలో ఆ భయం అనవసరం. ఢిల్లీ నుంచి వచ్చిన ఆనాటి పెద్దమనిషి నొచ్చుకోలేదు, ఆ తర్వాతా పిలిచినప్పుడల్లా వచ్చాడు.

సి.ఆర్. రావు గారిని తలుచుకోండి. ప్రపంచం తలవంచిన గణాంక శాస్త్రవేత్త, వాల్తేరులో గణితం చదివినవాడు. అక్కడే పరిశోధన చేద్దామని స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెడితే, ఆలస్యంగా అందిందని తిరగ్గొట్టారు. ఏదో యుద్ధకాలపు ఉద్యోగం దొరుకుతుందేమోనని కలకత్తా వెళ్లి, అక్కడి భారత గణాంక సంస్థ గురించి తెలుసుకుని 1941లో అందులో చేరాడు. మిగతాది లోకానికి తెలుసు. నూటరెండేళ్ల వయసులో, 2023లో, అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకున్నాడు. పూర్వ విద్యార్థుల వేదిక మీద వినిపించవలసినవి ఇలాంటి సంగతులు. ఆ రోజు కాగితం తిరగ్గొట్టిన పద్ధతి ఈ రోజు మారిందా అని ఒక పరిశోధక విద్యార్థి లేచి అడగాలి. వేదిక మీదున్న అధికారులు అక్కడే జవాబు చెప్పాలి.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 2026తో నూరేళ్లు. మళ్లీ డిసెంబరు వస్తుంది, విదేశాల నుంచి మనవాళ్లు దిగుతారు, ఆహ్వానపత్రికలు అచ్చుకు వెళతాయి. నిర్వాహకులకు నా మనవి: ఒక్క వక్త చాలు, ఒక్క విషయం చాలు. సన్మానం కావాలంటే ముందురోజు రాత్రి భోజనాల దగ్గర చేసుకోండి. సభ తలుపులు ఊరివాళ్లకు తెరవండి. తెలుగులో అడిగినవాడికి తెలుగులో బదులిమ్మని వక్తకు ముందే చెప్పండి. ఆహ్వానపత్రికలో ఉపన్యాసం ఒక గంట అని వేసి, దాని కిందే ప్రశ్నలు ఒక గంట అని అచ్చు వేయించండి. మైకు మూడో వరసలో పెట్టండి.