అన్న ఆరోజు ఊళ్లో లేడు

ఎన్నికల మర్నాడు ఏ ఊళ్లో తలలు పగిలినా ఒక్క సంగతి మాత్రం ఖాయం. అన్న ఆరోజు ఊళ్లో లేడు. తిరుపతిలో మొక్కు తీర్చుకుంటూనో, హైదరాబాదులో మేనకోడలి ఓణీల ఫంక్షన్లోనో ఉంటాడు. ఫొటోలుంటాయి. టోల్‌గేటు రసీదూ ఉంటుంది. ఎప్పుడూ టోలు కట్టని కారు ఆ ఒక్కరోజే ఎందుకు కట్టిందని అడిగేవాడు లేడు.

కర్రలు పట్టినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. పట్టనివాళ్లు ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నారు.

చట్టానిది తప్పు కాదు. నిన్నటి ఐపీసీ 149, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 190. అయిదుగురో అంతకు మించో ఒకే దుర్బుద్ధితో గుమిగూడి, ఆ పనిమీద ఒకడు నరికితే, నరకనివాడూ ముద్దాయే. గుంపుగా చంపితే గుంపంతా జవాబు చెప్పాలి, సబబే. కానీ ముద్దాయిల జాబితాను మనవాళ్లు ఓటర్ల జాబితా చూసి రాస్తున్నారు.

స్టేషన్ వరండాలో రైటర్ ముందు తెల్లకాగితం. పక్కన కూర్చున్నది దెబ్బలు తిన్నవాడు కాదు, మండల నాయకుడు.

"ఎంతమందయ్యారు?"

"ఇరవై ఆరు సార్. ఏజెంటు తమ్ముణ్ణి మరిచాం."

"వాడు బెంగళూరులో కదయ్యా ఉద్యోగం?"

"డబ్బు పంపేది వాడే సార్!"

ఇరవై ఏడు. చివర్న రైటర్ "మరికొందరు" అని ముగించాడు. ఎఫ్‌ఐఆర్ మొత్తంలో ఖరీదైన మాట అదే. అందులో తను ఉన్నాడో లేడో తేల్చుకోవడానికి ఊళ్లో ప్రతి మగాడూ ఎవరో ఒకరి గడప తొక్కాలి. రాత్రి పదింటికల్లా అవతలివాళ్ల కౌంటర్ కేసు. అందులో ఇరవై తొమ్మిది మంది. పౌరుషాలు మరి!

సుప్రీంకోర్టుకు ఈ విద్య తెలియనిది కాదు. 1964లోనే మసల్తీ కేసులో, ఊరికే చూడవచ్చినవాడు ముద్దాయైపోతాడు జాగ్రత్త అంది. ముద్దాయిలు మందగా ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురు సాక్షులు పొంతనగా చెబితేనే శిక్ష వేయడం మేలంది. మనవాళ్లకు అది వంటల పుస్తకంలా కనబడింది. నలుగురు సాక్షులు, నలుగురి నోటా ఒకే వాక్యం, కామాలతో సహా. క్రాస్‌లో మూడో పేరు దగ్గర మొదటి సాక్షి తడబడతాడు. ఇరికించిన ఇరవై మందితోపాటు నిజంగా నరికిన నలుగురూ కోర్టు మెట్లు దిగుతారు. అబద్ధాన్ని అంత బరువుగా మోయించాక నిజం నడుం విరగదూ?

ఈలోగా జెండా మారుతుంది. కోర్టు అనుమతితో పబ్లిక్ ప్రాసిక్యూటర్ కేసు వెనక్కి తీసుకోవచ్చు. అది ఆయన స్వతంత్రంగా తేల్చుకోవాల్సిన విషయం. జీవో రాగానే స్వతంత్రంగా తేల్చుకుంటాడు. ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులైతే హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయొద్దని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అన్నకు దిగులేమిటి, పేరు కేసులో ఉంటే కదా!

అప్పుడప్పుడూ కెమెరా కొంప ముంచుతుందనుకోండి. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఎమ్మెల్యేనే ఈవీఎం పగలగొడుతూ వీడియోకు చిక్కారని ఎన్నికల అధికారులు ప్రకటించారు. పల్నాడు, తాడిపత్రి గొడవలకు ఎస్పీలు సస్పెండయ్యారు, సిట్ వచ్చింది. అన్నలంతా దాన్నుంచి నేర్చుకున్న నీతి ఒక్కటే అయ్యుంటుంది: ముందు కెమెరా ఎక్కడుందో చూసుకో.

హత్య రాజీ పడే నేరం కాదు. అందుకని సాక్షులు రాజీ పడతారు, కోర్టులో అడ్డం తిరుగుతారు. ఆ పంచాయితీ నాడు మాత్రం అన్న ఊళ్లోనే ఉంటాడు. ఇద్దరన్నలూ ఉంటారు, రావిచెట్టు కింద పక్కపక్క కుర్చీల్లో, ఒకే ప్లేటులో జీడిపప్పు. ఇరవై ఏడో ముద్దాయి వాయిదాకని రాత్రి బస్సెక్కి వచ్చి, కళ్లు నులుముకుంటూ వెనక నిలబడ్డాడు.

"నువ్వెవరబ్బాయివిరా?" అన్నాడు అన్న.